కాన్స్టాన్షియా ద్రాక్షతోటలు – వాని వెనుకటి మనుష్యులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు ఆదేశించినపుడు, పాఠకమహాశయులు నావద్దనుండి పలనాటి చరిత్రమునో కొండవీటి రెడ్డిరాజుల వృత్తాంతమునో ఆశింతురని నేనెరుగుదును. వానిని గూర్చి నాకంటె బాగుగా వ్రాయగలవారు మనలోనే పెక్కుమంది కలరు. నేను మిమ్ములను సముద్రము దాటించి, ఆఫ్రికాఖండపు దక్షిణపు కొననున్న కేప్ టౌన్ నగరమునకును, దాని పొరుగుననున్న ద్రాక్షతోటలకును తోడ్కొని పోదలచితిని. గ్రంథాలయ సంచికలో మద్యప్రసంగమేల అని పెద్దలు కినుక వహింపవలదు. త్రాగుటను పొగడుట నా యుద్దేశము కాదు. ఆ తోటలను పెంచిన చేతులలో కొన్ని మన తీరమునుండి పోయిన చేతులు. ఆ కథ మన పాఠ్యపుస్తకములలో కానరాదు కనుకనే ఈ ప్రయత్నము.

కేప్ టౌన్ నగరము బల్లపరుపు కొండ యొకదాని పాదమున, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున వెలసినది. కొండకు ఆవలివైపున, నగరమధ్యమునుండి సుమారు 15 కిలోమీటర్ల దూరమున, కాన్స్టాన్షియా అను లోయ కలదు. అచ్చట వానలు మనకు వలె నైరృతి ఋతుపవనములతో గాక చలికాలమున కురియును. ఎండకాలము పొడిగా నుండును. దక్షిణపు సముద్రమునుండి వీచు చల్లగాలి కాయను నిదానముగా పండించును. ద్రాక్షకు ఇంతకంటె కావలసినది లేదు. భూగోళమున మనకు దిగువనుండుటచే వారి పంటకోత మన మాఘ ఫాల్గుణముల కాలమున జరుగును.

ద్రాక్షరసమును పులియబెట్టి చేయు ద్రాక్షాసవమునే లోకము వైను అని పిలుచుచున్నది. నేడు ఆ నగరమునకు వచ్చు యాత్రికులలో పలువురు ఒక దినమును ఈ తోటలకై కేటాయింతురు. నగరసందర్శనపు బస్సులే తోట వాకిటికి చేర్చును. పీపాలు నిలువయుంచు కొట్టుకు చేరికగా ఒక గది యుండును. అందు గాజుపాత్రలలో నాలుగైదు రకముల ఆసవమును గుక్కెడు గుక్కెడుగా పోసి యిత్తురు. అనుభవజ్ఞులు దానిని నోట పుక్కిలించి, రుచి తెలిసికొని, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయుదురట! డబ్బిచ్చి కొన్నదానిని ఉమ్మివేయుట మన కల్లుపాకలలో ఎవరును నమ్మని మాట. నచ్చినవారు సీసాలు కొని పోవుదురు. ఇట్టి యాత్రలకు ఒక క్రమమేర్పరచినది కాన్స్టాన్షియా కాదు, దానికి తూర్పుననున్న స్టెల్లెన్‌బోష్ పట్టణము. ఫ్రాన్సుదేశపు బర్గండీ ప్రాంతమున తోటనుండి తోటకు వేసిన బాటను చూచివచ్చిన ఫ్రాన్స్ మలాన్ అను రైతు, మరి యిద్దరు రైతులతో కలసి 1971లో అచ్చట మొదటి 'వైను బాట'ను స్థాపించెను. తరువాత కాన్స్టాన్షియాకును అట్టి బాట ఏర్పడినది.

కాని చూచుటకు జనులు వచ్చుట కాన్స్టాన్షియాకు క్రొత్త కాదు. రెండువందల యేండ్లకు పూర్వమే అది ప్రసిద్ధమైన విహారస్థలము. ఆనాటి విషయమునకు రాబోవు ముందు, ఆ తోట లెట్లు పుట్టెనో తెలిసికొనవలెను.

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ ఓడలు హాలెండునుండి తూర్పు దేశములకు వచ్చుటకు నెలల తరబడి పట్టెడిది. తాజా కూరలు, పండ్లు లేక నావికులు చిగుళ్లు వాచి, నెత్తురు కారి చచ్చెడివారు. నడిత్రోవలో మంచినీరు, కూరలు, మాంసము దొరకు మజిలీ యొకటి కావలసివచ్చెను. అందుకై 1652 ఏప్రిలులో యాన్ వాన్ రీబెక్ అను ఉద్యోగి కేపున దిగి తోట వేసెను. పీపాలలోని నీరు నెలనాళ్లలో కుళ్లిపోవును, ద్రాక్షాసవము నిలువయుండును. కావున 1655లో ఐరోపానుండి ద్రాక్షకొమ్మలను తెప్పించి నాటించెను. 1659 ఫిబ్రవరి 2వ తేదీన కేపు ద్రాక్షలనుండి మొట్టమొదటిసారి ఆసవము తీసితిమని తన దినచర్యలో దేవునికి కృతజ్ఞత తెల్పుచు వ్రాసికొనెను. ఆ దేశపు వైను వ్యాపారులు నేటికిని ఆ దినమును పండుగగా తలంతురు.

ఆ 1659లోనే మరియొకటి జరిగెను. ఆ నేలపై తరతరములుగా పశువులను మేపుకొనుచున్న కోయ్‌కోయ్ జనులు డచ్చివారిపై తిరుగబడిరి. తమ పచ్చికబయళ్లు నాగటి క్రిందికి పోవుచుండెను గదా! మరుసటి యేట సంధి మాటలు జరిగినపుడు వారడిగిన ప్రశ్నను వాన్ రీబెక్ తానే వ్రాసియుంచెను. మేము మీ హాలెండుకు వచ్చి మీవలె ప్రవర్తించినచో మమ్ములను సహింతురా అని వారడిగిరి. కత్తితో గెలిచిన నేల కనుక మాదే యని ఆయన బదులిచ్చెను. ప్రశ్నను దాచకుండ వ్రాసినందులకు ఆయనను మెచ్చవలెను, బదులును మెచ్చనక్కరలేదు. పిమ్మట కోయ్‌కోయ్‌ల పశువులు లోనికి రాకుండ చేదుబాదము చెట్లతో కంచె యొకటి వేయించెను. నగరమునుండి కాన్స్టాన్షియాకు పోవు దారిలో, కిర్‌స్టెన్‌బోష్ ఉద్యానవనమున, ఆ కంచె కొమ్మలు ముడివడి మూడువందల అరువది యేండ్లు దాటినను బ్రదికియున్నవి. వైన్‌బర్గ్ అను పేట గూడ ఆ దారిలోనిదే. వైన్‌బర్గ్ అనగా ద్రాక్షాసవపు కొండ అని యర్థము. వాన్ రీబెక్ సొంతతోట ఆ ప్రక్కనే యుండెడిది.

తోటలు వేయుటకు నేల దొరకెను; పనివారో? కోయ్‌కోయ్‌లను బానిసలను చేయవలదని కంపెనీ కట్టడి చేసియుండెను. తెల్లవారు చాలినంతమంది లేరు. 1658లో రెండు ఓడలనిండ ఆఫ్రికా పశ్చిమతీరపు బానిసలను దింపిరి. అది మొదలు 1808లో ఆంగ్లేయులు బానిసల వర్తకమును మాన్పువరకు, కేపునకు కొనితేబడిన బానిసలు సుమారు 63 వేలమంది యని చరిత్రకారులు లెక్కవేసిరి. వారిలో రమారమి నాలుగవ వంతు హిందూదేశమువారు. ఈ లెక్క చదివినపుడు నేను పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుంటిని. బానిస యనగానే మన మనస్సునకు ఆఫ్రికావాడే తోచును. మనవారు ఇంతమంది ఆఫ్రికాకే బానిసలై పోయిరని ఎవరును మనకు చెప్పలేదు.

వారు బంగాళమునుండి, మలబారునుండి, కోరమండలమునుండి పోయిరి. కోరమండలమనగా మన తూర్పుతీరమే. మచిలీపట్టణమున డచ్చివారు 1606 నాటికే వర్తకశాల నెలకొల్పిరి. అచ్చటి వలందపాలెము వారి పేర వెలసినదే, వలందులనగా డచ్చివారు. పులికాటున వారు కోట కట్టిరి. భీమునిపట్టణమున, పాలకొల్లున వారి గిడ్డంగు లుండెను. వారి ముఖ్యవ్యాపారము బట్టలది. అద్దకపు బట్టలు ఓడకెక్కిన రేవులనుండియే మనుష్యులును ఎక్కిరి. కరవు వచ్చినపుడును, దండు నడచినపుడును మనిషి చౌకయగును. 1659 మొదలు 1661 వరకు తంజావూరుసీమలో దండయాత్రలును కరవును కలసివచ్చెను. ఆ రెండు మూడేండ్లలో వేలకొలది జనులు నాగపట్టణముద్వారా సింహళమునకును బటేవియాకును అమ్ముడుపోయిరి. కేపులో తొలి ద్రాక్షాసవము తీసిన యేడే ఇది ఆరంభమైనది. బటేవియా, సింహళములనుండి హాలెండుకు తిరిగిపోవు ఓడల ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు బానిసలను వెంట తెచ్చి, కేపులో లాభమునకు అమ్ముకొనుట పరిపాటి. హాలెండులో బానిసత్వము చెల్లదు గనుక అమ్మక తప్పదు గూడ.

కేపులో వారి పేర్లు పోయెను. యజమానులు తమకు తోచిన పేర్లు పెట్టిరి. ఏ నెలలో కొనిన ఆ నెల పేరు పెట్టుట ఒక వాడుక: జనవరి, ఫిబ్రవరి, సెప్టెంబరు. ఆ పేరు ప్రక్కన, గుర్తుకొరకు, పుట్టిన సీమ పేరు చేర్చిరి. కంపెనీ చిట్టాలలో ఫలానా కోరమండలపు, ఫలానా బంగాళపు, ఫలానా మలబారు అని వరుసలు వరుసలుగా నున్నవి. గుమాస్తా తీరము పేరు వ్రాసెను గాని, ఊరుపేరు, తండ్రిపేరు, మాటలాడు భాష వ్రాయలేదు.

1679లో సైమన్ వాన్ డెర్ స్టెల్ కేపునకు అధికారియై వచ్చెను. స్టెల్లెన్‌బోష్ పట్టణము ఆయన పేర వెలసినదే. ఈయన పుట్టుక విచిత్రము. 1639లో, తలిదండ్రులు మారిషసునకు పోవుచుండగా సముద్రముమీద జన్మించెను. ఆయన తల్లికి తల్లి గోవాతీరపు మోనికా అను హిందూదేశపు స్త్రీ, ఒకప్పుడు బానిస. అనగా దక్షిణాఫ్రికా ద్రాక్షతోటలకు పితామహుడని పేరొందినవాని నరములలో మనదేశపు నెత్తురును కలదు! 1685లో కంపెనీ తనిఖీదారుడు హెండ్రిక్ వాన్ రీడ్ కేపునకు వచ్చి, కొండవెనుక లోయలో 891 మోర్గెనుల భూమిని, అనగా సుమారు 1,900 ఎకరములను, ఆయనకు ధారాదత్తము చేసెను. ఈ వాన్ రీడ్ మనకు క్రొత్తవాడు కాడు. మలబారును పాలించి, అచ్చటి వైద్యుల సాయమున కేరళపు మొక్కలను గూర్చిన మహాగ్రంథమును వెలువరించినవాడు. కేపునుండి మన తీరమునకును తనిఖీకి వచ్చి, 1691లో సముద్రముమీదనే మరణించి, సూరతులో సమాధియైనవాడు. సైమను ఆ భూమికి కాన్స్టాన్షియా అని పేరిడి, వేల ద్రాక్షతీగలు నాటించి, 1712లో అచ్చటనే కన్నుమూసెను. పిదప ఎస్టేటు మూడు ముక్కలయ్యెను. పెద్ద యిల్లున్న ముక్క నేడు గ్రూట్ కాన్స్టాన్షియా, అనగా పెద్ద కాన్స్టాన్షియా.

ఆ పెద్ద యింటికి 1716లో ఓలఫ్ బెర్గ్ అను సైనికోద్యోగి యజమాని యయ్యెను. చెప్పదలచినది ఆయన భార్యను గూర్చి. ఆమె పేరు అన్నా డి కోనింగ్. తల్లి పేరు బంగాళపు ఆంజెలా. ఆంజెలాను బిడ్డలతో సహా ఓడమీద తెచ్చి వాన్ రీబెక్‌కు అమ్మిరి. ఆయన కేపు విడిచిపోవుచు ఆమెను మరియొక యుద్యోగికి అమ్మెను. ఆయన 1666లో ఆమెకును ముగ్గురు బిడ్డలకును విడుదల నిచ్చెను. ఆంజెలా పిదప ఒక డచ్చివానిని పెండ్లియాడి, స్వంత యింటి యిల్లాలై జీవించెను. ఆమె కూతురు అన్న, 1724లో భర్త చనిపోయిన తరువాత, గ్రూట్ కాన్స్టాన్షియాకు తానే యజమానురాలయ్యెను. బానిసగా అమ్ముడుపోయిన తల్లి బిడ్డకు ఆ దేశపు మేలైన తోట దక్కుట చదివి మనము సంతోషింపవచ్చును. కాని ఆ సంతోషము పూర్తిగా నిలువదు. అన్న యింటిలోను బానిసలుండిరి.

1778లో హెండ్రిక్ క్లూటీ ఆ తోటను కొనెను. కాన్స్టాన్షియా తియ్యని ఆసవమునకు ఐరోపాలో మహాఖ్యాతి వచ్చినది ఈతని కాలముననే. ద్రాక్షలను పండగనే కోయక, తీగమీదనే వడలి ముడుతలు పడువరకు ఉంచెడివారు. నీరు తగ్గి తీపి చిక్కబడును. అట్టి కాయలలో చెడినవానిని ఒక్కొక్కటిగా ఏరివేసి, మంచివానిని పిండవలెను. ఏరుటకు ఎన్ని చేతులు కావలెనో వేరుసెనగ వలిచిన మన యూరివారికి నేను చెప్పనక్కరలేదు. 1791లో క్లూటీ కట్టించిన పీపాల కొట్టు నేటికిని నిలిచియున్నది. దాని ముఖద్వారముపైన ఆంటన్ ఆన్రైత్ అను శిల్పి గ్రీకుపురాణమునందలి గానిమీడు కథను సున్నపుపనితో తీర్చెను. ఆసవమందించు బాలుడును, చిన్నారి దేవతలును అందున్నారు. ద్రాక్ష తొక్కిన బానిసలు మాత్రము లేరు.

ఆ తొక్కినవారిని కన్నులార చూచి వ్రాసినవారొకరు కలరు. 1797 మొదలు 1802 వరకు కేపులో నివసించిన లేడీ ఆన్ బర్నార్డ్ అను స్కాట్లండు వనిత ఒకనాడు మిత్రులతో కలసి కాన్స్టాన్షియాను సందర్శించెను. క్లూటీ వారిని ద్రాక్ష తొక్కు గదికి కొనిపోయెను. ముగ్గురు బానిసలు తొట్టెలలో నిలిచి, వాద్యమునకు అనుగుణముగా అడుగులు వేయుచు కాయలను తొక్కుచుండిరి. ఆ నల్లని పాదముల క్రింది రసమును త్రాగవలెనా యని అతిథులు మొగములు చిట్లించుకొనిరి. పులిసినపుడు మలినమంతయు పోవునులే యని ఆమె సమాధానపడెను. మేలిమి మనిషియే, ఆ నర్తనపు సొగసును గూడ గమనించెను. ఐనను ఆ ముగ్గురు ఎవరు, ఏ యూరివారు అని ఆ గదిలో ఎవరికిని తోచలేదు. అతిథులు చూడవచ్చినది ఆసవమును, చూచినది పాదములను. పాదములపైన మొగములు కూడ నుండెను గదా!

ఆ యాసవమును ఐరోపారాజులు తెప్పించుకొనిరి. 1815లో సెయింట్ హెలీనాద్వీపమున చెరబడిన నెపోలియను చనిపోవువరకు దానిని తెప్పించుకొని సేవించెను. మన మదరాసు రాజధానియందు కొలువుచేసిన దొరలు, ఎండదెబ్బకు జబ్బుపడి, ఆరోగ్యమునకై కేపునకు సెలవుపై పోయి వైన్‌బర్గు ప్రాంతమున బసచేయుటయు కలదు. వారిని అచ్చటివారు 'హిందూలు' అని వేళాకోళముగా పిలిచెడివారు. నిజమైన హిందూదేశస్థులు అదే వీధిలో నీళ్లు మోయుచుండిరి.

1834 డిసెంబరు 1వ తేదీన బానిసత్వము రద్దయ్యెను. కాని మరి నాలుగేండ్లు శిష్యరికమను పేర యజమానివద్దనే ఊడిగము చేయవలెనని షరతు. 1838లో నిజముగా స్వేచ్ఛ వచ్చెను. కేపులో 35 వేలమందికి పైగా విముక్తులైరి. బ్రిటిషు ప్రభుత్వము తన వలసలన్నిటికిని కలిపి రెండుకోట్ల పౌనుల నష్టపరిహారము నిచ్చెను. ఎవరికందురు? యజమానులకు. విముక్తులైనవారికి దమ్మిడీ రాలేదు, సెంటుభూమి రాలేదు. పోవుటకు చోటు లేక పలువురు అవే తోటలలో కూలికి కుదిరిరి.

కూలిలో ఒక భాగమును తోటయజమానులు ఆసవముగా ఇచ్చెడివారు. దినమునకు ఇన్ని మారులని గిన్నెతో పోయుట. దీనిని 'డాప్' పద్ధతి యందురు. అమ్ముడుపోని నాసిరకము ఇందుకు చెల్లిపోవును. పనివానికి అది లేక చేయి ఆడని స్థితి వచ్చును. వాడు తోట విడిచి పోడు. సంకెల కంటె చవుక! చట్టము దీనిని 1960లలో నిషేధించినను, కొన్ని తోటలలో 1990ల వరకు చాటుగా సాగెను. తల్లి కడుపుననుండగనే మద్యముచే మెదడు చెడిన పిల్లలు ప్రపంచమున మిక్కిలి ఎక్కువగా కనబడిన ప్రాంతములలో ఈ కేపు ద్రాక్షసీమయు ఒకటి. మూడువందల యేండ్ల వైను చరిత్రలో నాకు అన్నిటికంటె బరువుగా తోచిన వాక్యమిది.

తక్కిన చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. ఇంగ్లండు ఇచ్చిన సుంకపు రాయితీ 1861 నాటికి పూర్తిగా పోయెను. 1886లో ఫిలాక్సెరా యను పేనుపురుగు వేళ్లు తొలిచి తీగలను చంపెను. క్లూటీ వంశమువారు నిలువలేక, 1885లోనే గ్రూట్ కాన్స్టాన్షియాను ప్రభుత్వమునకు అమ్మివేసిరి. 1925లో పెద్ద యిల్లు కాలిపోగా తిరిగి కట్టిరి. అది నేడు ప్రదర్శనశాల. మరచిపోయిన తియ్యని ఆసవమును పొరుగునున్న క్లైన్ కాన్స్టాన్షియా తోటవారు 1986 పంటతో మరల తీయనారంభించిరి.

ఆ క్లైన్ కాన్స్టాన్షియా తోట వాకిటియొద్ద యాత్రికులు తరచు గమనింపని కట్టడ మొకటి కలదు. సుమత్రాద్వీపమునుండి 1660ల చివర డచ్చివారు ప్రవాసమునకు పంపిన ముస్లిముగురువు షేక్ అబ్దురహమాన్ మతేబే షా సమాధి అది. ఆయన బానిసలకు ధర్మబోధ చేసినాడని అచ్చటివారి విశ్వాసము. మద్యమును ముట్టని మతగురువు ద్రాక్షతోట గుమ్మమున నిద్రించుచున్నాడు. జనులు నేటికిని పోయి నమస్కరింతురు. ఆ లోయలో బానిసల సంతతివారును వారి బంధువర్గములును పూలు, కూరగాయలు పండించుకొని జీవించెడివారు. జాతిభేదమును పాటించిన ఆనాటి ప్రభుత్వము, 1950 నాటి చట్టము ననుసరించి, 1960లలో కాన్స్టాన్షియాను తెల్లవారికే యని నిర్ణయించి వారిని ఇసుకమైదానములకు వెడలగొట్టెను. 1994లో ఆ ప్రభుత్వము మారిన తరువాత కొన్ని కుటుంబములు తమ భూమికై దావాలు వేసికొనెను.

మనయూరి పిల్లలు ఇప్పుడు చదువులకును ఉద్యోగములకును దేశదేశములకు పోవుచున్నారు. వారిలో ఎవరైనను కేప్ టౌన్ చేరుట తటస్థించినచో, కాన్స్టాన్షియాకు పోవలదని నేననను. పొమ్మందును, త్రాగినను మానినను ఆ పీపాల కొట్టును, ఆన్రైత్ శిల్పమును, చేదుబాదము కంచెను చూడుమందును. కాని నగరమున కంపెనీవారి తోటకు ప్రక్కనే 1679లో కట్టిన బానిసల కొట్టడి కలదు. అదియు నేడు ప్రదర్శనశాలయే. మొదట దానిని చూచి, పిమ్మట లోయకు పోవుట మంచిది. ఆ నగరపు వీధులలో దుకాణముల బోర్డులపైనను, బడి హాజరుపట్టీలలోను, సెప్టెంబరు, ఫిబ్రవరి, అక్టోబరు అను ఇంటిపేర్లు నేటికిని కనబడును.